ముందే ఇల్లు చేరినవాడు

"మీరు మొన్ననే ఇంటికి వెళ్ళిపోయారండీ," అంది కౌంటర్ అవతలి గుమస్తా.

గూఢచారి ఉద్యోగంలో రకరకాల వార్తలు వినాల్సి వస్తుంది. నిన్ను చంపడానికి మనిషి బయల్దేరాడని వినొచ్చు, నీ పక్కవాడే అమ్ముడుపోయాడని వినొచ్చు. కానీ పరాయి దేశంలో, కాన్సులేట్ కిటికీ ముందు టోకెన్ పట్టుకుని నిలబడ్డ మనిషికి "నువ్విక్కడ లేవు" అని చెప్పడం డిపార్ట్‌మెంట్ చరిత్రలోనే మొదటిసారి.

అతన్ని డిపార్ట్‌మెంట్‌లో బావగారు అంటారు. అసలు పేరు ఫైల్లో ఉంది, ఫైలు బీరువాలో ఉంది, బీరువా తాళం చీఫ్ దగ్గరుంది. ఫోన్లు ఎవరైనా దొంగచాటుగా వింటే ఏదో ఉమ్మడి కుటుంబం సొద అనుకుని విసుగెత్తి పెట్టెయ్యాలని, ఏజెంట్లందరికీ వరసలే కోడ్‌నేమ్‌లుగా పెట్టారు. చీఫ్ పేరు పెదనాన్న. శత్రువుల ముఠాకి పెళ్ళివారని పేరు. "పెళ్ళివారు దిగారు" అంటే రివాల్వర్‌లో గుళ్ళున్నాయో లేవో చూసుకోమని.

"ఇంకోసారి చూడండమ్మా. నా కార్డు పోయింది. కొత్త కార్డు వచ్చేదాకా ప్రయాణానికి ఏదో ఒక కాగితం ఇస్తే చాలు," అన్నాడు బావగారు.

"కార్డు పోలేదండీ. ఎయిర్‌పోర్ట్‌లో చూపించారుగా. ఫోటో మీదే, వేలిముద్రలు మీవే." ఆమె స్క్రీన్ వంక, అతని మొహం వంక మార్చి మార్చి చూసింది. "మరి మీరెవరు?"

న్యాయమైన ప్రశ్నే. బావగారు తను పనిచేసే దేశంలో పుట్టలేదు. ఆ దేశపు అమ్మాయిని పెళ్ళి చేసుకుని శాశ్వత నివాసి కార్డు తెచ్చుకున్నాడు. పౌరసత్వానికి అప్లై చేసినప్పుడల్లా దరఖాస్తు తిరిగొచ్చేది, దేశంలో ఉన్న రోజులు చాలవని. దేశం కోసం దేశం బయట తిరిగిన రోజులు దేశంలో ఉన్నట్టు లెక్కకు రావు. ఏ పనిమీద తిరిగాడో రాద్దామంటే అది అఫీషియల్ సీక్రెట్. అలా ఆ దేశాన్ని కాపాడుతూ కాపాడుతూ ఆ దేశానికి పరాయివాడుగానే మిగిలిపోయాడు.

కార్డు ఎక్కడ పోయిందో అతనికి ఇప్పుడు అర్థమైంది. మూడు రోజుల కిందట హోటల్ లాబీలో మరదలు ఎదురొచ్చింది. మరదలంటే అతనితో పనిచేసే ఏజెంట్. ఎర్ర ఓవర్‌కోటు, నల్ల కళ్ళద్దాలు, నడిచి వెళ్తుంటే లిఫ్ట్ బాయ్ కూడా బటన్ నొక్కడం మర్చిపోయే అందం. "కోటు మీద దారప్పోగుంది బావగారూ," అంటూ దగ్గరకొచ్చి దులిపింది. అతను థాంక్స్ కూడా చెప్పాడు. చొక్కా గుండీలో కెమెరా, బూటు మడమలో ట్రాన్స్‌మిటర్ పెట్టుకు తిరిగే మనిషి, లోపలి జేబులో కార్డు పోతే కనుక్కోలేకపోయాడు.

మెట్ల పక్కనున్న ఫోన్ బూత్‌లోంచి, డిపార్ట్‌మెంట్ క్వార్టర్స్‌లో ఉన్న తన ఇంటికి రింగ్ చేశాడు. ఇంట్లో ఉండేది అత్తగారొక్కతే. రెండు కళ్ళలోనూ శుక్లాలు. మనిషి నీడలా తెలుస్తాడు తప్ప మొహం కనిపించదు.

"అత్తయ్యా, నేనే," అన్నాడు.

ఆవిడ గొంతు మామూలుగానే పలికింది.

"నేనే అంటే ఎవరండీ? మా అల్లుడుగారు కావాలా? పక్కనే ఉన్నారు."

వెనకనుంచి ఇంకో గొంతు వినిపించింది. "ఎవరత్తయ్యా ఫోను?"

అది అతని గొంతే. జలుబు చేసినట్టుండే ఆ జీర, చివరి అక్షరాన్ని మింగేసే ఆ అలవాటు, అన్నీ అతనివే. అతనికి తను చనిపోయాడేమో, ఆ సంగతి తనకొక్కడికే ఎవరూ చెప్పలేదేమో అనిపించింది.

"రాంగ్ నంబరండీ అల్లుడుగారూ," అని ఆవిడ మళ్ళీ ఫోన్లోకి వచ్చింది. రాంగ్ నంబర్ వచ్చినా కష్టసుఖాలు మాట్లాడి గానీ పెట్టని మనిషి. "ఇది మా ఇల్లు నాయనా. మా అల్లుడుగారు కూడా వచ్చిన దగ్గర్నుంచీ అదే అంటున్నారు. 'అత్తయ్యా, మా ఇల్లు బాగుంది, మా ఇంటి వెనకగది తాళంచెవి ఎక్కడుంది' అని. వెతుకుతున్నాను. కళ్ళు కనపడవు కదా, ఆలస్యమవుతుంది మరి. ఉంటాను."

లైన్ కట్టయింది. బావగారు రిసీవర్ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. మొదట మనసు చివుక్కుమంది. సొంత అత్తగారే గుర్తుపట్టలేదు. మరుక్షణం చెంప ఛెళ్ళుమన్నట్టు అర్థమైంది.

ఒకే కప్పు కింద ఉంటున్న మనిషితో "మా ఇల్లు" అని ఎవడంటాడు? "మన ఇల్లు" అంటారు. మా అంటే నువ్వు కాక మిగిలినవాళ్ళం. భార్య పోయిన రోజు అతను ఆలస్యంగా చేరాడు. ఏదో దేశంలో ఏదో మిషన్ మీదుండి, అంతా అయిపోయాక వచ్చాడు. సంచీలో బట్టలు సర్దుకుంటున్న అత్తగారితో అప్పుడతను అన్నది ఒకటే మాట. "ఇది మన ఇల్లత్తయ్యా. మీరెక్కడికీ వెళ్ళక్కర్లేదు." ఆ తర్వాత మిషన్ మీద మిషన్ అడిగి మరీ వేయించుకున్నాడు. ఇంట్లో ఉంటే ఆ వెనకగది తలుపు కనిపిస్తుందని భయం.

ఆ వెనకగది భార్యది. ఆమె పోయాక వేసిన తాళం వేసినట్టే ఉంది. వెనక మెట్లవైపు తలుపు తాళంచెవి అతని జేబులో ఉంది, ఇంట్లోవైపు తలుపుది అత్తగారి దగ్గరుంది. గది కిటికీ తెరిస్తే ఎదురుగా ప్రభుత్వ గెస్ట్‌హౌస్ మెట్లు. ఎల్లుండి శాంతి ఒప్పందం మీద సంతకం పెట్టడానికి వచ్చే ప్రతినిధి ఎక్కేది ఆ మెట్లే. చుట్టుపక్కల ఇళ్ళన్నీ సోదా చేస్తారు గానీ డిపార్ట్‌మెంట్ మనిషి ఇల్లు ఎవరు సోదా చేస్తారు? తలుపు పగలగొడితే కింద కాపలావాళ్ళకి వినిపిస్తుంది. అందుకని దొంగవాడు తాళంచెవి కోసం మర్యాదగా అడుగుతున్నాడు. చెవి దొరికాక, పని అయ్యాక, సాక్షిగా మిగిలిన ముసలావిడతో ఆ మర్యాద ఉండదు.

ఆవిడకి అంతా తెలుసు. తెలిసే, కళ్ళు లేని మనిషి మాత్రమే వెతకగలిగినంత నెమ్మదిగా వెతుకుతోంది.

అతను చీఫ్‌కి ఫోన్ చేశాడు.

"ముహూర్తం ఎప్పుడు?" అంది అవతలి గొంతు.

"ఆడపెళ్ళివారు చెప్పాలి. పెదనాన్నగారూ, నేను, బావని."

"బావ ఇంట్లో ఉన్నాడు. ఇదే కోడ్ పొద్దున్న తనూ చెప్పాడు. నువ్వెవరు?"

"వాడు నకిలీ సార్. మా అత్తగారితో 'మా ఇల్లు' అన్నాడు. మన ఇల్లు అనలేదు."

చీఫ్ గట్టిగా ఊపిరి వదిలాడు. "వ్యాకరణం తప్పిందని ఒక మనిషిని అరెస్ట్ చెయ్యమంటావా?"

"ఆవిడ ప్రాణం పోతుంది సార్."

"చూడు బాబూ, నువ్వెవరైనా సరే. రికార్డు ప్రకారం మా మనిషి దేశంలో ఉన్నాడు. మేమేం చెయ్యలేం."

మేము. పంపించేటప్పుడు మాత్రం "మనం చూసుకుందాం, నువ్వెళ్ళు" అన్నాడు. బావగారు ఫోన్ పెట్టేశాడు. ఇంతకాలం ఎన్నో సరిహద్దులు దాటాడు గానీ, ఇంత చిన్న మాట అడ్డం పడి ఆగిపోతాడనుకోలేదు.

ఇక మిగిలింది మరదలు. పని పూర్తయ్యాక జుట్టుకి రంగు మార్చుకోవడం ఆమె అలవాటు. హోటల్ ఉన్న వీధిలో వెతికితే రెండో బ్యూటీ పార్లర్‌లోనే దొరికింది. తలనిండా రంగు పూసి, రేకు కాగితాలు చుట్టి కూర్చోబెట్టారు. పారిపోవడానికి వీల్లేని పరిస్థితి.

అతను పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఆమె అద్దంలో చూసింది. ఏమాత్రం కంగారుపడలేదు.

"ఎందుకు చేశావ్?"

"మీకు మరదల్ని కాకముందే పెళ్ళివారికి ఆడపడుచుని బావగారూ. మీకే లేటుగా తెలిసింది."

"మా ఇంట్లో ఉన్నవాణ్ణి తయారుచేసింది నువ్వేనా?"

"నేనే. మీ గొంతు, నడక, సంతకం అన్నీ. నవ్వే కష్టమైంది. మీరు నవ్విన టేపు ఒక్కటీ దొరకలేదు."

"అన్నీ నేర్పావు. మా, మన తేడా నేర్పావా?"

ఆమె పెదవుల మీది నవ్వు ఆగిపోయింది. "అదేమిటి?"

"మా అత్తయ్యతో మా ఇల్లు అంటున్నాడట."

ఆమె కళ్ళు మూసుకుంది. "వాడి భాషలో రెంటికీ ఒకటే మాట. చెప్పాను, ఇరవైసార్లు చెప్పాను..." అని, ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. "అత్తయ్యేమిటి? ఖాళీ ఇల్లన్నారు నాకు."

"ఖాళీ చేస్తారు. ఎల్లుండి."

డ్రయర్లు హోరుమంటున్నాయి. ఆమె చాలాసేపు అద్దంలో తన మొహాన్నే చూసుకుంది. తర్వాత చేతిసంచీలోంచి ఒక పాస్‌పోర్ట్ తీసి, పేపర్ మధ్యలో పెట్టి అతని ఒళ్ళో పడేసింది. తెరిస్తే అందులో ఉన్నది అతని మొహానికి దగ్గరగా ఉన్న ఇంకో మొహం, మీసంతో.

"వాడి అసలు పాస్‌పోర్ట్. విజిటర్ వీసా కూడా ఉంది, కార్డు దొరక్కపోతే పనికొస్తుందని తీసి ఉంచాం. వాడు మీరై వెళ్ళాడు. మీరు వాడై వెళ్ళండి."

"జాలా?"

"జాలేం కాదు. శిష్యుడు పరీక్ష తప్పాడు. వాడితోపాటు నేనెందుకు మునగాలి?" అంది. "మీసం అతికించుకునేటప్పుడు ఎడమవైపు కొంచెం కిందకి. వాడిదలాగే వంకరగా ఉంటుంది."

మర్నాడు సొంత దేశపు ఎయిర్‌పోర్ట్‌లో, అంటే సొంతమో కాదో అతనికే తెలియని దేశపు ఎయిర్‌పోర్ట్‌లో, బావగారు విదేశీయుల క్యూలో నిలబడ్డాడు. పక్కన శాశ్వత నివాసుల క్యూ చకచకా కదులుతోంది. ఎన్నోసార్లు ఆ క్యూలోంచి ఇటువైపు చూసి, పాపం అనుకున్నాడు.

"వచ్చిన పని?" ఆఫీసర్ తల ఎత్తలేదు.

"చుట్టాల్ని చూడ్డానికి."

"ఎవరింట్లో దిగుతున్నారు?"

తన ఇంటి అడ్రస్ చెప్పాడు. ఆఫీసర్ కంప్యూటర్‌లో చూశాడు. "ఇంటాయన ఊళ్ళోనే ఉన్నట్టున్నారు."

"అదృష్టవంతుడు," అన్నాడు బావగారు.

స్టాంప్ పడింది. అతిథిగా ఇంటికెళ్ళడానికి అనుమతి దొరికింది.

ఆ మర్నాడు పొద్దున్నే లాండ్రీ మూట భుజాన వేసుకుని క్వార్టర్స్ వెనక గేటు దగ్గరకొచ్చాడు. కాపలావాడు మూటలో చెయ్యి పెట్టి కెలికాడు తప్ప మొహం చూడలేదు. లాండ్రీవాడి మొహం ఎవరూ చూడరు. ముందువైపు చీఫ్ మనుషులు గెస్ట్‌హౌస్ చుట్టూ సర్దుకుంటున్నారు. బావగారు వెనక మెట్లెక్కి, మీసం పీకేసి, వెనకగదికి బయటివైపు ఉన్న చిన్న తలుపు ముందు నిలబడ్డాడు. తాళంచెవి తీశాడు. తలుపు తెరిచాడు.

లోపల అన్నీ ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి, దుమ్ము తప్ప. కుట్టుమిషన్ మీద సగం కుట్టిన చొక్కా. అతని కొలతలే. ఒక చెయ్యి అతికించడం మిగిలిపోయింది. మిషన్ ముందు స్టూలు కొంచెం పక్కకి జరిగి ఉంది, ఇప్పుడే ఎవరో లేచి వంటింట్లోకి వెళ్ళినట్టు. అతను గోడకి చేరగిలబడ్డాడు. ఏడుపు రాలేదు. సిగ్గేసింది. దేశాలు తిరిగి తిరిగి ఈ గదిలోకి రాకుండా తప్పించుకున్న సంగతి ఆమెకి తెలిసిపోయినట్టనిపించింది.

లోపలి తలుపు అవతల మాటలు వినిపించాయి.

"ఈ గుత్తిలో చూస్తానుండండి. ఇది బీరువాది... ఇది పాత ఇంటిది..."

"చాలత్తయ్యా." అతని గొంతే, కానీ ఇప్పుడు మర్యాద తగ్గింది. ఏదో ఇనప చప్పుడయింది. "మీ నడుముకి వేలాడుతున్నదేమిటి?"

తాళంలో చెవి తిరిగింది. బావగారు కొక్కేలకి వేలాడుతున్న ఆమె బట్టల వెనక్కి తప్పుకున్నాడు.

వచ్చినవాణ్ణి వెనకనుంచి చూశాడు. మెడ మీద జుట్టు అలాగే ఉంది, భుజం ఒకవైపు వంచే తీరు అలాగే ఉంది. మనిషి తన వీపు తను చూడకూడదు. కాళ్ళు చేతులు బిగుసుకుపోయాయి. వాడు తలుపు గడియ పెట్టాడు, కిటికీ రెక్క ఓరగా తీశాడు, తనతో తెచ్చిన పొడవాటి పెట్టెలోంచి రైఫిల్ భాగాలు ఒకటొకటిగా బిగించాడు. కింద గేటులోకి నల్ల కారు వచ్చింది. తలుపు తెరుచుకుంది. తెల్లజుట్టు ప్రతినిధి మెట్లవైపు అడుగేశాడు. వాడు గురి సరిచూసుకుంటూ స్టూలు ముందుకి లాక్కుని కూర్చున్నాడు.

ఆ స్టూలు మీద కూర్చున్నాడు.

బావగారికి ఒంట్లోకి ప్రాణం వచ్చింది. కుట్టుమిషన్ మీది చొక్కా అందుకుని వాడి తలమీద ముసుగేసి వెనక్కి లాగాడు. రైఫిల్ పేలింది. గుండు గెస్ట్‌హౌస్ గడియారానికి తగిలింది. ప్రతినిధి మెట్లమీదే బోర్లా పడుకున్నాడు, క్షేమంగా. ఇద్దరూ మిషన్‌తో సహా కిందపడ్డారు. గడియ విరగ్గొట్టుకుని చీఫ్, ఆయన మనుషులు లోపలికి వచ్చేసరికి ఒకే మొహంతో ఇద్దరు మనుషులు ఒకరి గొంతు ఒకరు పట్టుకుని ఉన్నారు.

"సార్, వీడే!" అన్నారిద్దరూ.

జేబులు వెతికారు. ఒకడి దగ్గర శాశ్వత నివాసి కార్డు దొరికింది. రెండోవాడి దగ్గర విదేశీ పాస్‌పోర్ట్, విజిటర్ స్టాంప్ దొరికాయి. చీఫ్ పిస్టల్ బావగారి వైపు తిరిగింది.

గుమ్మంలో చేతికర్ర చప్పుడయింది. అత్తగారు గోడ పట్టుకుని నిలబడింది.

"అమ్మా, మీ అల్లుడెవరో చెప్పగలరా?" అన్నాడు చీఫ్.

"కళ్ళు లేనిదాన్ని. ఒక్క మాట అడుగుతాను." ఆవిడ ఇద్దరి వైపూ మొహం తిప్పింది. "నా కూతురి గది కూడా తెరిచేశారు. ఇక నాకిక్కడ దాచుకోవడానికేం లేదు. నేనెక్కడికి పోవాలి?"

"అదేం మాటత్తయ్యా! మా ఇంట్లోనే ఉండండి. మేము చూసుకుంటాం మిమ్మల్ని," అన్నాడు ఒకడు ఆప్యాయంగా.

రెండోవాడు ఏమీ అనలేదు. కిందపడ్డ చొక్కా తీసి, దుమ్ము దులిపి, మడత పెడుతున్నాడు.

"ఆ మాట్లాడనాయనే మా అల్లుడుగారు," అంది ఆవిడ.

"ఎలా చెప్తున్నారమ్మా?"

"ఆయనెప్పుడు మాట్లాడాడు గనక! వీడొచ్చి నన్నింత ప్రేమగా పలకరించినప్పుడే అనుమానమొచ్చింది. ఆ తర్వాత మా ఇల్లన్నాడు. ఒక్క అక్షరంతో నన్ను నా ఇంట్లోంచి బయటికి గెంటేశాడు. మా అల్లుడు మాట్లాడడు గానీ, మాట్లాడితే ఆ తప్పు చెయ్యడు."

చీఫ్ పిస్టల్ అటువైపు తిప్పాడు. వాడు తలుపువైపు దూకబోయాడు గానీ చేతికర్ర అడ్డం వచ్చింది. కళ్ళు కనపడవు కదా, పొరపాటున తగిలిందంది ఆవిడ.

చీఫ్ బావగారి భుజం తట్టాడు. "సారీ. మనం చాలా ప్రమాదంలోంచి బయటపడ్డాం."

"మనమా సార్?" అన్నాడు బావగారు. చీఫ్ పైకప్పు వంక చూశాడు.

కుట్ర భగ్నమైంది. పేపర్లలో గడియారం పాడైందని మాత్రమే వచ్చింది. కార్డు సంగతి అంత తేలిగ్గా తేలలేదు. నివాస కార్డుల కార్యాలయంలో క్లర్క్ కీబోర్డు మీద చాలాసేపు టకటకలాడించాడు.

"రికార్డులో మీ వేలిముద్రలు తీసేసి ఎవరో వాడివి పెట్టేశారండీ. రికార్డు ప్రకారం శాశ్వత నివాసి జైల్లో ఉన్నాడు. మీరు విజిటర్. కొత్తగా అప్లై చెయ్యాలంటే ఈ దేశపు బంధువెవరైనా హామీ ఇవ్వాలి. భార్య ఉన్నారా?"

"లేదు."

"మరి ఈవిడ?"

"అత్తగారు."

"భార్య పోయాక అత్తగారు బంధువుల కిందకి రారండీ. సిస్టమ్ తీసుకోదు." క్లర్క్ ఇబ్బందిగా ఆవిడ వైపు తిరిగాడు. "అమ్మా, ఈయన మీకు ఇప్పుడేమవుతారు?"

బావగారు నేల చూపులు చూశాడు. ఆవిడ కాదంటే కాదన్నట్టే. కాదనడానికి ఆవిడకి అన్ని హక్కులూ ఉన్నాయి. దేశం వెళ్ళగొట్టినా తట్టుకోగలడు గానీ, ఈ ఒక్క జవాబు మాత్రం వినలేననిపించింది.

"ఇప్పటిదాకా ఏమీ కాలేదు నాయనా," అంది ఆవిడ. "ఇంట్లో ఉంటేగా అయ్యేది? ఆ దొంగవాడు నయం. వచ్చిన రోజునుంచీ నా పక్కన కూర్చుని అన్నం తిన్నాడు, మోకాళ్ళెలా ఉన్నాయని అడిగాడు. చంపడానికొచ్చినవాడని తెలిసీ, పాడుమనసు, ఇంకో రెండు రోజులుంటే బావుణ్ణనుకున్నాను." చెంగుతో కళ్ళు తుడుచుకుంది. "కొడుకని రాసుకో. ఏ కొడుకు మాత్రం ఇంటిపట్టున ఉంటున్నాడు?"

క్లర్క్ మారుమాట్లాడకుండా టైపు చేశాడు. సిస్టమ్ తీసుకుంది.

ఆ మధ్యాహ్నం చీఫ్ ఫోన్ చేశాడు. పెళ్ళివారు మళ్ళీ ఎక్కడో దిగారట, అర్జెంటట. కార్డు వచ్చేదాకా దేశం దాటితే దరఖాస్తు రద్దవుతుందని చెప్పి బావగారు ఫోన్ పెట్టేశాడు. చట్టం తనవైపు ఉండడం అతనికి అదే మొదటిసారి. వెనకగది తలుపు తెరిచే ఉంది. గాలికి చొక్కా చెయ్యి ఒకటి కదులుతోంది. అటు చూస్తూనే అత్తగారి పక్కన కూర్చుని కంచం ముందుకి లాక్కున్నాడు.

"మోకాళ్ళెలా ఉన్నాయత్తయ్యా?"

"ఉన్నాయి లెండి. కూరెలా ఉంది?"

నోట్లో పెట్టుకోలేనంత ఉప్పు. "బాగుందత్తయ్యా," అని మారు వడ్డించుకున్నాడు. ఎన్నో ప్రభుత్వాల రహస్యాలు కడుపులో పెట్టుకున్న మనిషే గానీ, ఇది దిగడానికి మాత్రం రెండు గ్లాసుల మంచినీళ్ళు పట్టాయి.